మా పిల్లల క్లినిక్ బిల్లింగ్ పని హైదరాబాద్ కంపెనీకి ఇవ్వచ్చా?

ఫ్రిస్కో_ఓరుగల్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటాం. మా వారు పిల్లల డాక్టరు. సొంత క్లినిక్ పెట్టి పదకొండేళ్లయింది. ఇద్దరు డాక్టర్లు, ముగ్గురు నర్సులు, ఫ్రంట్ డెస్క్‌లో ఇద్దరు అమ్మాయిలు. జీతాలు, అద్దె, టీకాల స్టాకు, ఇన్సూరెన్స్ వాళ్లతో పేచీలు అన్నీ నేనే చూసుకుంటాను.

మొదటి రోజు నుంచీ మా బిల్లింగ్, అంటే చేసిన వైద్యానికి ఇన్సూరెన్స్ వాళ్ల నుంచి డబ్బు రాబట్టే పని, చూస్తున్నావిడ వచ్చే నెలాఖరుకి రిటైర్ అవుతున్నారు. ఆవిడకి 67 ఏళ్లు. ఆవిడ కూర్చునే గదిలో ఒక బీరువా ఉంది, దాని తలుపు లోపలి వైపంతా పసుపు చీటీలే. ఏ ప్లాన్ వాళ్లు ఏ టీకాకి పేచీ పెడతారు, ఏ కంపెనీకి ఫోన్ చేస్తే త్వరగా మనిషి దొరుకుతాడు, అన్నీ ఆ చీటీల మీద ఆవిడ చేతిరాతలో ఉంటాయి. నాకు సగం అర్థం కావు.

ఆవిడ స్థానంలో ఇక్కడే ఎవరినైనా పెట్టుకుందామని నాలుగు నెలలుగా చూస్తున్నాం. పిల్లల క్లినిక్ బిల్లింగ్ తెలిసినవాళ్లు దొరకడం లేదు. దొరికిన ఒకరిద్దరు అడిగిన జీతం మేము ఇవ్వలేం. ఇంతలో తెలిసినవాళ్లు ఒక కంపెనీ గురించి చెప్పారు. అమెరికా ఫోన్ నంబరు ఉంది, పని మాత్రం హైదరాబాద్‌లో జరుగుతుందట. వసూలైన డబ్బులో 4 శాతం తీసుకుంటారు. వీడియో కాల్‌లో మాట్లాడాం, మర్యాదగానే ఉన్నారు.

మా వారికి మనసొప్పడం లేదు. 'పిల్లల వివరాలు అంత దూరం పంపి, రేపు ఏదైనా అయితే తల్లిదండ్రులకి ఏం చెప్పాలి?' అంటున్నారు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగానికి పైగా మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్), మిగతా ప్రైవేటు ఇన్సూరెన్స్. నా మనసులో ఇంకో మాట కూడా ఉంది. నేను పుట్టి పెరిగింది వరంగల్‌లో. మా వైపు పిల్లలకి నాలుగు ఉద్యోగాలు దొరుకుతాయంటే సంతోషమే. కానీ పదకొండేళ్ల కష్టాన్ని ఆ సంతోషం కోసం పణంగా పెట్టలేను కదా.

ఈ పని చేసినవాళ్లు, చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.


ఎడిసన్_నెల్లూరు

మాది న్యూజెర్సీలో దంతవైద్యం క్లినిక్. మూడేళ్ల క్రితం ఇలాగే ఒక కంపెనీకి ఇచ్చాం, పద్నాలుగు నెలలకి మానేశాం. పని చేసే పిల్లల్ని నేనేమీ అనను. మాకు చూపించిన మనిషి ఒకరు, పని చేసిన మనిషి వేరొకరు. ఏడాదిలో నలుగురు మారారు. అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడుతున్నారని తర్వాత తెలిసింది. మానేసి వెళ్లిపోయిన అబ్బాయి దగ్గర కూడా ఆ పాస్‌వర్డ్ ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇస్తే ఇవ్వండి, ఒక్కొక్కరికి విడి లాగిన్ లేకుండా మాత్రం ఒప్పుకోకండి.


పెడల్_నుంచి_క్లెయిమ్_దాకా

అమ్మా, మీ పోస్టులో అన్నిటికంటే విలువైనది ఆ బీరువా తలుపు. దాని దగ్గరికే వస్తాను, ముందు నేనెవరో చెప్పాలి.

మాది విజయవాడ. 2003లో డిగ్రీ అవ్వగానే అమీర్‌పేటలో ఆరు నెలలు మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ నేర్చుకున్నాను. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. తొక్కితే డాక్టరు గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. అమెరికాలో డాక్టర్లు సాయంత్రం ఫోన్‌లో చెప్పినవి మాకు పొద్దున్నే వచ్చేవి. వాళ్లు మర్నాడు ఆసుపత్రికి వచ్చేసరికి టైపై సిద్ధంగా ఉండాలి. ఖాళీలతో కలిపి 65 అక్షరాలు ఒక లైను, లైన్ల లెక్కన జీతం. ఆ పనితోనే మా తమ్ముడి చదువు, నా పెళ్లి జరిగాయి. 2009 తర్వాత అక్కడి ప్రభుత్వం రికార్డులు కంప్యూటర్‌లో పెట్టుకోమని ఆసుపత్రులకి డబ్బిచ్చి మరీ ప్రోత్సహించింది. మాట వింటూ తనంతట తనే టైప్ చేసే సాఫ్ట్‌వేర్ కూడా మెరుగైంది. మా లైన్లు తగ్గిపోయాయి. 2011లో బిల్లింగ్‌కి మారాను. ఛార్జ్ ఎంట్రీ (చేసిన వైద్యం, దాని ఛార్జీలు ఎక్కించడం), పేమెంట్ పోస్టింగ్ (వచ్చిన డబ్బు లెక్కలో రాయడం), ఏఆర్ కాలింగ్ (రాని డబ్బు కోసం ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేయడం) అన్నీ చేశాను. 2015 అక్టోబరు 1న జబ్బుల కోడ్‌లు ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10కి మారిన రాత్రి మా ఫ్లోర్‌లో ఎవరం ఇంటికి వెళ్లలేదు. ఇప్పుడు విజయవాడలోనే ఏడుగురితో చిన్న టీమ్ నడుపుతున్నాను. మీ పని నాకివ్వమని అడగడం లేదు. ఉన్న క్లినిక్‌లకే మనుషులు చాలడం లేదు.

ఇంక అసలు సంగతి. చాలా ఏళ్ల క్రితం హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో చేసేటప్పుడు మాకు ఒక పిల్లల క్లినిక్ వచ్చింది. ఆ పిల్లల్లో కొందరికి రెండు ఇన్సూరెన్సులు, అమ్మ ఉద్యోగం నుంచి ఒకటి, నాన్న ఉద్యోగం నుంచి ఒకటి. క్లెయిమ్, అంటే డబ్బు కోసం ఇన్సూరెన్స్‌కి పంపే బిల్లు, ముందు ఎవరి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాలి? ఆ ప్రశ్న మాలో ఎవరికీ రానే లేదు. తండ్రిది ముందు పెట్టేశాం. స్కూల్ అప్లికేషన్ దగ్గర్నుంచి మనం ఏది నింపినా ముందు తండ్రి పేరే రాస్తాం కదా, చెయ్యి అలా వెళ్లిపోయింది.

అక్కడ పద్ధతి వేరు. ఇద్దరికీ ఇన్సూరెన్స్ ఉంటే, ఏడాదిలో ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్లదే ప్రైమరీ, అంటే ముందు డబ్బు కట్టేది. పుట్టిన సంవత్సరంతో పని లేదు, నెల, తేదీ చూస్తారు. అమ్మది మార్చి, నాన్నది ఆగస్టు అయితే అమ్మదే ముందు. విడాకులైతే కోర్టు ఏం చెప్పిందో కూడా చూడాలి. డబ్బు ఇవ్వడం కుదరదని ఇన్సూరెన్స్ వాళ్లు పంపే డినయల్స్ రావడం మొదలైంది. మేము ఇంకేదో తప్పనుకుని మళ్లీ అలాగే పంపాం. మూడు నెలలు పోయాయి. చివరికి తెలిసిందేమిటంటే, ఆ క్లినిక్ ఫ్రంట్ డెస్క్‌లో కూర్చునే అమ్మాయికి ఈ రూలు మొదటి నుంచీ తెలుసు. అడిగితే అర నిమిషంలో చెప్పేది. కానీ ఆమెను అడిగే దారి మాకు లేదు. మా ప్రశ్న మా టీమ్ లీడర్ (టీఎల్) దగ్గరికి వెళ్లాలి, టీఎల్ నుంచి అమెరికాలో ఉండే మేనేజరుకి, ఆయన నుంచి క్లినిక్ యజమానికి. యజమాని పేషెంట్లను చూసుకుంటారా, మా మెయిల్ చూసుకుంటారా?

అందుకే నా మాట వినండమ్మా. పని సముద్రం దాటుతుంది, ఆ పనికి కావలసిన తెలివిడి మీ ఫ్రంట్ డెస్క్‌లోనూ, ఆ బీరువా తలుపు మీదా ఉండిపోతుంది. ఈ రెంటి మధ్య రోజూ నడిచే దారి వేయకుండా ఏ కంపెనీకి ఇచ్చినా డబ్బు కారిపోతుంది. హైదరాబాద్ అయినా, మనీలా అయినా, మీ పక్క వీధి అయినా ఇంతే.

ఆవిడ వెళ్లిపోయే లోపు ఒక్కో చీటీ దగ్గర ఆవిడను కూర్చోబెట్టి అడగండి. ఏం రాసి ఉందో చదివించుకుంటే సరిపోదు, ఎప్పుడు, ఏం జరిగి ఆ చీటీ రాశారో అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వీలైతే ఆవిడకి డబ్బిచ్చి ఇంకో రెండు మూడు నెలలు వారానికి రెండు పూటలు రమ్మనండి. ఆ ఖర్చు చూసి వెనకాడకండి.

రెండోది. టెక్సాస్ మెడికెయిడ్‌కి క్లెయిమ్ పంపడానికి గడువు, పేషెంటు వచ్చిన రోజు నుంచి 95 రోజులు. మీ దగ్గర సగానికి పైగా మెడికెయిడ్ అన్నారు కాబట్టి ఈ అంకె మీకు ప్రాణం లాంటిది. మా దగ్గరికి తర్వాత వచ్చిన ఒక క్లినిక్ కథ చెప్తాను. వాళ్లు పక్క భవనంలోకి మారారు. మెడికెయిడ్ రికార్డులో పాత చిరునామాయే ఉండిపోయింది. కొత్త చిరునామాతో వెళ్లిన క్లెయిములు క్లియరింగ్ హౌస్ (క్లెయిములను సరిచూసి ఇన్సూరెన్స్ వాళ్లకి చేరవేసే మధ్య సంస్థ) దగ్గరే వెనక్కి వచ్చేశాయి. దీన్ని రిజెక్షన్ అంటాం, డినయల్ కాదు. డినయల్ అంటే ఇన్సూరెన్స్ వాళ్లు చూసి కాదన్నది, దానికి జవాబు కాగితం వస్తుంది. రిజెక్షన్ అసలు వాళ్ల దాకా వెళ్లనే లేదు. అది క్లియరింగ్ హౌస్‌లో ఒక జాబితాలో పడి ఉంటుంది. ఎవరైనా తెరిచి చూస్తేనే కనబడుతుంది.

అప్పటి బిల్లింగ్ కంపెనీ వాళ్లు ప్రతి వారం రిపోర్టు పంపేవారు. 'ఈ వారం ఇన్ని క్లెయిములు పంపాం' అని ఉండేది. నిజంగానే పంపారు. ఎన్ని చేరాయో రాయలేదు, క్లినిక్ వాళ్లు అడగలేదు. నెలాఖరున డబ్బు తగ్గిందని గమనించి, ఎవరిదో తప్పని వాదించుకుని, కారణం పట్టుకునేసరికి చాలా వాటికి 95 రోజులు దాటాయి. మెడికెయిడ్ పిల్లల తల్లిదండ్రుల దగ్గర ఆ డబ్బు అడగకూడదు. చేసిన వైద్యానికి పైసా రాలేదు. ఆ డాక్టరుగారు నాకు ఆ జాబితా పంపినప్పుడు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. జ్వరంతో వచ్చిన పిల్లలు, చెవిపోటుతో వచ్చినవాళ్లు. ఆయన ఆ రోజు వాళ్లకి మందు రాసిచ్చారు, ఆయనకి రావలసింది మాత్రం ఒక చిరునామా దగ్గర ఆగిపోయింది. నాకిప్పటికీ బాధే.

కాబట్టి కంపెనీని 'ఎన్ని పంపారు' అని అడగకండి. రిజెక్షన్ జాబితా రోజూ ఎవరు తెరుస్తారు, 60 రోజులు దాటినవి ఏవి, 90 దాటినవి ఏవి, వాటిలో ఒక్కోదాని మీద చివరిసారి ఏ తేదీన ఏం చేశారు, ఇవి అడగండి. ఈ పాత బాకీల లెక్కను మేము ఏజింగ్ అంటాం. మీ బిల్లర్‌గారు వెళ్లే రోజున ఏజింగ్ రిపోర్టు తీసి భద్రంగా పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత దాని పక్కన కొత్తది పెట్టి చూస్తే ఎవరి ప్రెజెంటేషనూ అక్కర్లేదు.

4 శాతం గురించి ఒక మాట. శాతం మీద పని చేసే కంపెనీకి తేలిగ్గా వచ్చే డబ్బు మీదే దృష్టి ఉంటుంది. పిల్లల క్లినిక్‌లో చిన్న చిన్న మొత్తాలే ఎక్కువ. ఒక ఇరవై డాలర్ల టీకా ఛార్జీ కోసం మా టీమ్‌లో అమ్మాయి ముప్పావు గంట ఫోన్ పట్టుకుంటే కంపెనీకి వచ్చేది 80 సెంట్లు. వాళ్లు ఏం చేస్తారో మీరే ఊహించుకోండి. చిన్న మొత్తాలను కూడా వదలకూడదని, మీ అనుమతి లేకుండా ఏదీ లెక్కలోంచి కొట్టేయకూడదని కాంట్రాక్టులో రాయించుకోండి.

పిల్లల బిల్లింగ్ వాళ్లకి తెలుసో లేదో పరీక్షించాలంటే రెండు అడగండి. ఇప్పటికే మీ క్లినిక్‌కి వస్తున్న ఏడాదిన్నర బాబు మామూలు చెకప్‌కి వచ్చాడు, అదే రోజు చెవి ఇన్ఫెక్షన్ కూడా కనబడి డాక్టరు విడిగా చూశారు, ఎలా బిల్లు వేస్తారు? ఆ వయసు పిల్లల మామూలు చెకప్ కోడ్ 99392తో పాటు, చెవి కోసం చూసిన దానికి విడి కోడ్ వేసి దానికి 25 మాడిఫయర్ (అదే రోజు విడిగా చూశారని చెప్పే గుర్తు) పెడతామని తడుముకోకుండా చెప్పాలి. రెండోది, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన టీకా వేస్తే బిల్లులో టీకా ధర రాస్తారా? రాయకూడదు, టీకా వేసినందుకు ఫీజు మాత్రమే. ఇవి సేల్స్ మనిషిని అడగకండి. మీ పని చేయబోయే అమ్మాయినో అబ్బాయినో పిలిపించి అడగండి.


మియాపూర్_నైట్‌షిఫ్ట్

నేను ఏఆర్ కాలర్‌ని, రెండున్నరేళ్ల నుంచి చేస్తున్నాను. పైన అక్క చెప్పింది నిజం. మా వైపు నుంచి కూడా కొంచెం చెప్పాలనిపించింది.

సాయంత్రం ఆరింటికి క్యాబ్ ఎక్కితే తెల్లారి ఐదింటికి ఇల్లు. రోజుకి ఇన్ని క్లెయిములు అని టార్గెట్ ఉంటుంది. ఒక ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేస్తే ఒక్కోసారి నలభై నిమిషాలు హోల్డ్ మ్యూజిక్కే. మనిషి వచ్చాక మా దగ్గర ఒక్క వివరం లేకపోతే ఆ నలభై నిమిషాలూ పోయినట్టే. బాబు పేరు క్లినిక్ రికార్డులో ఒకటి, ఇన్సూరెన్స్ రికార్డులో ఇంకా 'బేబీ బాయ్' అని ఉంటుంది. పుట్టినప్పుడు ఆసుపత్రిలో రాసిన పేరు, తర్వాత ఎవరూ మార్చలేదు. వాళ్ల అమ్మని అడిగితే తేలిపోతుంది, కానీ పేషెంట్లకి మేము ఫోన్ చేయకూడదు. మెయిల్ పెట్టి కూర్చుంటాం. వారం దాకా జవాబు రాదు. టార్గెట్ కోసం దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంటాం.

మేడమ్, మీరు ఏ కంపెనీకి ఇచ్చినా మా ప్రశ్నలకి రోజూ జవాబిచ్చే మనిషిని అక్కడ ఒకరిని పెట్టండి. అది ఒక్కటి చేస్తే మేము మనసు పెట్టి చేస్తాం. ఇంకో మాట, మమ్మల్ని మా పేర్లతోనే పిలవండి. నేను చేరిన కొత్తలో నాకు అమెరికా పేరు పెట్టారు. ఎనిమిది నెలలు ఆ పేరుతో మాట్లాడాను. తర్వాత ఒక క్లినిక్ మేనేజరు నా అసలు పేరు అడిగి తెలుసుకుని అప్పటినుంచి అలాగే పిలిచారు. ఆ క్లినిక్ పని ఇప్పటికీ నేనే చూస్తున్నాను. వేరే కంపెనీ వాళ్లు ఎక్కువ జీతం ఇస్తామన్నా వెళ్లలేదు.


షికాగో_కంప్లయన్స్

ఆసుపత్రుల కంప్లయన్స్ విభాగంలో, అంటే చట్టాలు, నియమాలు పాటిస్తున్నారో లేదో చూసే చోట, పని చేస్తాను. మీ వారి భయం గురించి మాట్లాడతాను, ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న.

1996 నాటి హిపా చట్టం (వైద్య వివరాల గోప్యత కాపాడే చట్టం) పేషెంట్ వివరాలు చూసే పని విదేశానికి ఇవ్వకూడదని చెప్పదు. అయితే ఆ కంపెనీతో బిజినెస్ అసోసియేట్ ఒప్పందం (పేషెంట్ వివరాలు కాపాడతామని కంపెనీ రాసిచ్చేది) తప్పనిసరి. అది లేకుండా ఒక్క క్లెయిమ్ కూడా చూపించకూడదు. హైదరాబాద్‌లో తప్పు జరిగితే అమెరికా అధికారులు అక్కడిదాకా వెళ్లడం కష్టం, మీ క్లినిక్ దగ్గరికి రావడం తేలిక. అందుకని ఒప్పందం మీద సంతకం పెట్టేది అమెరికాలో రిజిస్టరై, ఇక్కడ ఆస్తులు, ఇన్సూరెన్స్ ఉన్న సంస్థ అయ్యుండాలి.

టెక్సాస్ వాళ్లు మీరు ఇంకొన్ని చూసుకోవాలి. 2025లో మీ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం ఎలక్ట్రానిక్ వైద్య రికార్డులు 2026 జనవరి 1 నుంచి అమెరికాలోనే భద్రపరచాలి. బయటి దేశం సర్వర్‌లో పెట్టడం కుదరదు. కాబట్టి హైదరాబాద్ వాళ్లు మీ సిస్టమ్‌లోకి లాగిన్ అయి, రికార్డులు ఇక్కడే ఉండగా తెర మీద చూస్తూ పని చేయాలి. డౌన్‌లోడ్, ప్రింటు, కాపీ అన్నీ మూసేయాలి. 'మా దగ్గర కూడా ఒక కాపీ ఉంచుకుంటాం' అన్నారంటే అక్కడే ఆగిపోండి. ఇక మెడికెయిడ్ ప్లాన్‌లతో మీరు చేసుకున్న కాంట్రాక్టులు బయటికి తీసి, విదేశంలో పని చేయించడం గురించి ఏం రాసుందో లాయరుతో చదివించండి. ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలనో, అసలు కుదరదనో ఉండొచ్చు. అలా ఉంటే మెడికెయిడ్ భాగం ఇక్కడే ఉంచి మిగతాది ఇవ్వాల్సి వస్తుంది. మీ దగ్గర సగానికి పైగా అదే కాబట్టి, 4 శాతం లెక్క వేసుకునే ముందే ఇది తేల్చుకోండి.

ఇంకొకటి. 2003లో శాన్‌ఫ్రాన్సిస్కోలో యూసీఎస్ఎఫ్ మెడికల్ సెంటర్‌కి ఒక బెదిరింపు మెయిల్ వచ్చింది. కరాచీలో ట్రాన్‌స్క్రిప్షన్ చేసే ఒకావిడ, తనకి రావలసిన డబ్బు ఇప్పించకపోతే పేషెంట్ల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానని రాసింది. ఆసుపత్రి ఆ పని కరాచీకి ఇవ్వనే లేదు. కాలిఫోర్నియాలోనే ఒక కంపెనీకి ఇచ్చింది. అది ఫ్లోరిడాలో ఒకరికి, అక్కడినుంచి టెక్సాస్‌లో ఇంకొకరికి, ఆయన నుంచి కరాచీకి వెళ్లింది. ప్రతి చెయ్యీ తన వాటా ఉంచుకుంది, చివరి మనిషికి డబ్బు అందలేదు. అందుకే మీ ఒప్పందంలో 'మా అనుమతి లేకుండా వేరెవరికీ ఇవ్వకూడదు' అనే వాక్యం ఉందో లేదో చూడండి. హైదరాబాద్ అని చెప్పి అక్కడినుంచి ఇంకో ఊళ్లో ఇంటి దగ్గర చేసేవాళ్లకి పంచిపెట్టే వాళ్లున్నారు.

డేటా పోవాలంటే సముద్రం దాటనక్కర్లేదు కూడా. 2024 ఫిబ్రవరిలో, క్లెయిములు చేరవేసే పెద్ద కంపెనీ చేంజ్ హెల్త్‌కేర్ మీద సైబర్ దాడి జరిగింది అమెరికాలోనే. సుమారు 19 కోట్ల మంది వివరాలు దాని బారిన పడ్డాయి, దేశమంతా వారాల తరబడి క్లెయిములు ఆగాయి. దొంగిలించిన లాగిన్‌తో లోపలికి వచ్చారు, ఆ ద్వారానికి రెండో దశ ధ్రువీకరణ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌కి వచ్చే కోడ్ లాంటిది) లేదు. ఎడిసన్ మిత్రుడు చెప్పిన విడి లాగిన్ మాట అందుకే చాలా ముఖ్యం.


ఫ్రిస్కో_ఓరుగల్లు

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇవన్నీ ప్రింటు తీసి మా వారికి ఇచ్చాను. కరాచీ సంగతి రెండుసార్లు చదివారు.

నిన్న మా బిల్లర్‌గారిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. పెడల్ అక్క చెప్పినట్టే ఒక్కో చీటీ ఎందుకు రాశారని అడిగాను. మూడు గంటల్లో పంతొమ్మిది చీటీలే అయ్యాయి. ఒకదాని మీద 'ముందు అమ్మని అడుగు' అని మాత్రమే ఉంది. ఏమిటని అడిగితే పుట్టినరోజు రూలు గురించే చెప్పారు. పదకొండేళ్లుగా ఆ చీటీ నా కళ్ల ముందే ఉంది.

ఆవిడ మూడు నెలల పాటు మంగళ, గురువారాలు వస్తానన్నారు. కాంట్రాక్టులు లాయరుకి పంపాం. ఒక ప్లాన్‌లో విదేశీ పనికి ముందస్తు అనుమతి కావాలని ఉందట, మిగతావి చూస్తున్నారు. ఆ కంపెనీ వాళ్లని, మా పని చేయబోయే మనిషితో మాట్లాడాలని అడిగాను. 'కాంట్రాక్టు అయ్యాక కేటాయిస్తాం' అన్నారు. ముందే మాట్లాడాలని గట్టిగా చెప్పాను, రెండు రోజులు టైమ్ అడిగారు.

అక్కా, రోజూ నడిచే దారి అన్నారు కదా, మీ క్లినిక్‌లతో మీరు ఎలా చేస్తున్నారో కొంచెం చెప్తారా? మా ఫ్రంట్ డెస్క్ అమ్మాయిలు అసలే పనితో సతమతమవుతున్నారు.


పెడల్_నుంచి_క్లెయిమ్_దాకా

'కాంట్రాక్టు అయ్యాక' అన్నారంటే ఆ మనిషిని ఇంకా పనిలోకి తీసుకోలేదని అర్థం అమ్మా. అది నేరమేమీ కాదు, చిన్న కంపెనీలు అలాగే చేస్తాయి. మాకు కూడా ఒకప్పుడు అలాగే అయింది. కాకపోతే అలాంటప్పుడు పాత క్లినిక్ పని చేస్తున్న అనుభవస్తులని మొదటి మూడు నెలలు మీకు ఇవ్వమనండి. మనిషి మారాల్సి వస్తే కొత్తవాళ్లు, పాతవాళ్లు ఒక నెల కలిసి పని చేయాలని రాయించుకోండి.

దారి అంటే పెద్దదేమీ కాదు. మా రెండు పిల్లల క్లినిక్‌లకీ ఒక్కో షీటు ఉంది, అది క్లినిక్ సిస్టమ్‌లోనే ఉంటుంది. మా టీమ్ పిల్లలు రాత్రంతా వచ్చిన ప్రశ్నలు అందులో రాస్తారు, పేషెంట్ నంబరు మాత్రమే, పేరు రాయరు. అక్కడ పొద్దున తలుపులు తీయడానికి ముందు ఫ్రంట్ డెస్క్‌లో ఒకామె ఇరవై నిమిషాలు కూర్చుని జవాబులు రాస్తుంది. ఆ ఇరవై నిమిషాలకి క్లినిక్ ఆమెకి విడిగా డబ్బిస్తుంది. మీరూ ఇవ్వండి. ఉన్న పనికి తోడు ఇది కూడా చేయమంటే రెండు వారాలకి ఆగిపోతుంది. వారానికోసారి అరగంట వీడియో కాల్, అందులో మీరుండాలి. తెర మీద ఏజింగ్ పెట్టి పాత బాకీల్లో పెద్దవి పది ఒక్కొక్కటిగా చూడండి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు, జనవరి. అక్కడ కొత్త ఏడాదితో చాలామందికి ప్లాన్‌లు మారతాయి, కార్డులు మారతాయి, డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ కట్టే ముందు పేషెంటు జేబులోంచి కట్టాల్సిన మొత్తం) మళ్లీ మొదటికొస్తుంది. ఎలిజిబిలిటీ, అంటే ఆ పిల్లలకి ఇన్సూరెన్స్ ఇంకా ఉందో లేదో, చూసే పని ఏడాది మొత్తంలో అప్పుడే ఎక్కువ. సరిగ్గా అప్పుడే మనకి సంక్రాంతి. భోగికి ముందు రోజే మా పిల్లలు సంచులు సర్దుకుని బస్సెక్కేస్తారు, వాళ్లని ఆపలేను, ఆపకూడదు కూడా. అందుకని డిసెంబరు చివరి రెండు వారాల్లోనే జనవరి అపాయింట్‌మెంట్లున్న పిల్లల తల్లులకి ఫోన్ చేసి కొత్త కార్డు ఫోటో తెప్పించమని క్లినిక్‌లకి చెప్తాం. పండగ నాలుగు రోజులకి ఊళ్లో ఉండే ఇద్దరికి రెట్టింపు జీతమిస్తాం. మీ కంపెనీని సంక్రాంతికి, దసరాకి ఎవరుంటారో ఇప్పుడే అడగండి.

లాయరు ఏం చెప్తారో చూసి ముందు ప్రైవేటు ప్లాన్‌లతో మొదలుపెట్టండి. మెడికెయిడ్ ఆవిడ ఉన్న మూడు నెలలూ ఆవిడ దగ్గరే ఉండనివ్వండి. ఒకేసారి రెండూ కదిపితే, తేడా వచ్చినప్పుడు ఎక్కడ వచ్చిందో తెలియదు. మిగిలిన చీటీలు కూడా వదలకండి.

వీడియో కాల్‌కి మీ గురువారం పొద్దున 8 గంటలు పెట్టుకోండి, బిల్లర్‌గారు కూడా ఉంటారు. హైదరాబాద్‌లో అప్పుడు సాయంత్రం ఆరున్నర, షిఫ్టు మొదలయ్యే వేళ. నవంబరు మొదటి ఆదివారం మీ గడియారాలు వెనక్కి తిప్పాక అది ఏడున్నర అవుతుంది. క్యాబ్‌ల టైమ్ మార్చాలి కాబట్టి వాళ్లకి వారం ముందే గుర్తు చేయండి.